ఓడలో బ్యాటరీ మంట

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉండే మనకు సముద్రం మీది ఓడల సంగతి ఎందుకండీ, అంటారేమో. ఆ ఓడలు మోసే కార్లలో ఉన్నదీ, మన వాకిట్లో విద్యుత్ స్కూటరులో ఉన్నదీ ఒకే జాతి బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ అంటారు.

2025 జూన్‌లో మార్నింగ్ మిడాస్ అనే ఓడ సుమారు 3 వేల వాహనాలతో చైనా నుంచి మెక్సికో వెళుతూ, అలాస్కాకు దూరంగా నడి సముద్రంలో అంటుకుంది. పొగ మొదట కనిపించింది విద్యుత్ కార్లున్న అంతస్తులో. సిబ్బంది 22 మందీ బతికి బయటపడ్డారు. ఓడ మాత్రం మూడు వారాలు తిరగకుండానే మునిగిపోయింది.

అంత పెద్ద ఓడలో మంట ఆర్పే సాధనాలు లేకనా? ఉన్నాయి. మూకుట్లో నూనె అంటుకుంటే మనం మూత పెడతాం కదా, ఓడలోనూ అంతే: ఆ అంతస్తు మూసేసి బొగ్గుపులుసు వాయువు నింపుతారు. కానీ ఈ బ్యాటరీలో చిన్న చిన్న సెల్సు వందల కొద్దీ ఉంటాయి. దెబ్బ తగిలో, తయారీ లోపంవల్లో ఒకటి షార్టయితే దాని వేడికి పక్కది, దానికి ఆ పక్కది రాజుకుంటాయి. లోపలి రసాయనాలు విడిపోయి మండే వాయువులూ, కొంత ప్రాణవాయువూ అక్కడే పుడతాయి. ఇక మూత పెట్టి ఏం లాభం? నీళ్ళతో చల్లార్చాలి, అదీ గంటల తరబడి.

సముద్రంలో నీళ్ళకు కరువా అనకండి. కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవారికి తెలుసు, అడుగున చేరిన నీరు ఒక పక్కకు వస్తే దోనె ఎలా ఒరుగుతుందో. అంతస్తుల ఓడకూ అదే గండం. పైగా కార్లను ఇరికించి పెడతారు, గొట్టం పట్టుకుని మనిషి దూరే సందుండదు.

అందుచేత జాగ్రత్తంతా ఎక్కించక ముందే. దెబ్బతిన్న బ్యాటరీని మామూలు సరుకుతో కలపకూడదు. నిండా చార్జి చేసి పంపకపోవడం మంచిది. చార్జి తక్కువుంటే అంటుకునే ముప్పూ తక్కువే. విడి బ్యాటరీలు విమానమెక్కాలంటే 30 శాతం మించరాదని నిబంధనే ఉంది.

ఇంట్లోనూ ఇదే లెక్క. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, పడకగదిలో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు. పడకగదిలో వద్దు, గుమ్మానికి అడ్డంగా వద్దు, అందరూ నిద్రపోతుండగా అసలే వద్దు. మన కొల్లేటిలో కలిసే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిందే, అలా వరదలో నానిన బండిని ఎండబెట్టి చార్జింగు పెట్టేయకండి. కంపెనీ మెకానిక్కు చూసేదాకా ఇంటికి ఎడంగా ఉంచండి. బ్యాటరీ ఉబ్బినా, బుస్సుమన్నా, ఘాటు వాసన వచ్చినా తడిగోనె కోసం వెతుక్కుంటూ నిలబడకండి. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని బయటికొచ్చి 101కి ఫోను చేయండి. కాలుతున్నది బ్యాటరీ అని ముందే చెప్పండి, ఎక్కువ నీళ్ళతో వస్తారు.