ఫోనులో నేర్చే అరబ్బీ, కువైట్ ఇంట్లో వినే అరబ్బీ

కోనసీమ నుంచి గల్ఫ్ ప్రయాణాలు కొత్తవి కావు. రాజోలు, అమలాపురం, కొత్తపేట పల్లెల నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి, మగవాళ్ళు డ్రైవింగుకు, తాపీ పనులకు వెళ్తూనే ఉన్నారు. ఒకప్పుడు తిరిగొచ్చినవాళ్ళు చెప్పిన నాలుగు ముక్కలే అరబ్బీ. ఇప్పుడు యూట్యూబ్‌లో వెతికితే తెలుగులో అరబ్బీ నేర్పే వీడియోలు కొల్లలు. వీసా వచ్చేలోగా అవి చూస్తే భాష వచ్చేస్తుందా? కొంత వస్తుంది.

చిక్కేమిటంటే, అరబ్బీలో పుస్తకాల భాష వేరు, ఇళ్ళల్లో మాట్లాడేది వేరు. యాప్‌లు, గూగుల్ ట్రాన్స్‌లేట్ ఎక్కువగా ఇచ్చేది మొదటిది. ‘ఏమిటి’ అనడానికి పుస్తకంలో ‘మాదా’, కువైట్ ఇంట్లో ‘షినూ’. ‘ఇప్పుడు’కు పుస్తకంలో ‘అల్ ఆన్’, ఇంట్లో ‘అల్‌హీన్’. ‘నాకు కావాలి’కి ‘ఉరీద్’ అని నేర్చుకుని వెళ్తే అక్కడివాళ్ళు ‘అబీ’ అంటారు. మొదటి వారం ఏమీ అర్థం కాకపోతే మన బుర్రను తిట్టుకోనక్కర్లేదు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది. తెలుగులో ‘వెళ్ళు’ ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఒకటే. అరబ్బీలో మగవాడితో ‘రూహ్’, ఆడమనిషితో ‘రూహి’. డ్రైవరుగా పనిచేసినాయన తను విన్నదే వీడియోలో నేర్పుతాడు. ఇంటిపనికి వెళ్ళే ఆవిడ చెవిన పడేది రెండోది. అందుకే ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు పెట్టిన వీడియోలు వెతుక్కోవాలి.

తెర మీద తెలుగు అక్షరాల్లో వేసిన అరబ్బీనీ పూర్తిగా నమ్మకూడదు. ‘అల్‌హీన్’లో హకారం గొంతు లోపలి నుంచి వస్తుంది, దానికి మన దగ్గర అక్షరం లేదు. ‘ఖలాస్’ మనకు తెలిసిన మాటే అయినా, అందులో మొదటి శబ్దం మన ‘ఖ’ కాదు, గొంతు రాపిడితో పలికేది. అక్షరాలు చూడకుండా ముందు వినండి. తర్వాత పైకి అని, ఫోనులోనే రికార్డు చేసి పోల్చుకోండి.

వీడియో మాట్లాడుతుందే తప్ప మన నోరు వినదు. కాబట్టి అక్కడున్న అక్కకో పిన్నికో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి దిద్దించుకోవడం అన్నిటికన్నా మేలు. పైసా ఖర్చు లేని మేష్టారు ఆవిడే.

ట్రాన్స్‌లేట్ యాప్‌ను మాత్రం తీసేయకండి. శుభ్రం చేసే ద్రావకాల సీసాల మీది రాతను కెమెరాతో చదివించుకోవచ్చు. అచ్చులో ఉండేది పుస్తకాల అరబ్బీయే గనక అక్కడ అది బాగానే పనికొస్తుంది.