మొటిమలు: అపోహలు, నిజాలు

అమీర్‌పేటలో లేడీస్ హాస్టళ్ళు చాలా ఉన్నాయి. ఊళ్ళ నుంచి కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు వాటిలో ఉంటారు. అలాంటి ఒక హాస్టల్లో వంట చేసే తల్లి కథ ఇది. ఇలాంటి తల్లులు మనలో చాలామంది ఉన్నారు.

ఆమె కూతురికి 16 ఏళ్ళు. ఇంటర్ చదువుతోంది. మొహం నిండా మొటిమలు వచ్చాయి. చూసినవాళ్ళందరూ తలా ఒక మాట అన్నారు.

"వేడి చేసింది. మామిడిపండ్లు బంద్ చెయ్యి" అన్నది పక్కింటామె.

"నెత్తురు ఖరాబయింది" అన్నది మేనత్త.

"ఏం గాదు. పెండ్లయితే అవే పోతయి" అన్నది నాయనమ్మ.

ఆ పిల్లకు సిగ్గేసింది. స్నేహితురాలు చెబితే మెడికల్ షాపుకు పోయి ఒక ట్యూబు తెచ్చుకుంది. డాక్టరు చీటీ ఎవరూ అడగలేదు. రోజూ పూసుకుంది. వారం తిరక్కుండానే మొటిమలు అణిగాయి. మొహం తెల్లబడింది. తల్లి మురిసిపోయింది. అయిపోయినప్పుడల్లా తానే డబ్బులిచ్చి ఇంకో ట్యూబు తెప్పించింది.

మూడు నెలలు గడిచాయి. ఎండలోకి పోతే మొహం మంట. చెంపలు ఎర్రగా కందిపోయాయి. సన్నని వెంట్రుకలు వచ్చాయి. ట్యూబు ఆపితే మొటిమలు మునుపటికంటే ఎక్కువగా లేచాయి. ఆ పిల్ల కాలేజీ మానేసి ఇంట్లో కూర్చుంది. అప్పుడు తల్లి ఆమెను తీసుకుని పంజగుట్టలో ఒక చర్మ డాక్టరమ్మ దగ్గరకు పోయింది.

డాక్టరమ్మ ఆ ట్యూబు చూసింది. తల్లి చేతిలో పెట్టింది.

"నీకు చదవడం వచ్చా అమ్మా?" అని అడిగింది.

"తెలుగు వచ్చు. ఇది ఇంగ్లీషుల ఉంది గదమ్మా" అన్నది తల్లి.

"ఇంగ్లీషు రాకపోయినా ఈ ఎర్ర గీత కనబడుతుంది కదా? ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు. వాడకూడదు" అన్నది డాక్టరమ్మ. ఆ తర్వాత అన్నీ వివరంగా చెప్పింది.

ఆ ట్యూబులో ఏముంది?

అందులో స్టెరాయిడ్ అనే మందు ఉంది. అది చెడ్డ మందు కాదు. కొన్ని చర్మ రోగాలకు డాక్టర్లు కొద్ది రోజుల కోసం రాస్తారు. కానీ మొటిమలకు అది మందు కాదు. తెల్లబడడానికీ అది మందు కాదు. మొదట మొహం నున్నగా అవుతుంది. అదే మోసం. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. ఎర్రబడుతుంది. కొత్త మొటిమలు వస్తాయి. ఆపితే మంట, వాపు పెరుగుతాయి. అందుకని మళ్ళీ పూస్తారు. తాగుడు అలవాటు లాంటిదే ఇదీ.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్. ఈ పేర్లు గుర్తుంచుకోండి. ట్యూబు మీద ఈ పేర్లు ఉన్నాయేమో ఇంగ్లీషు వచ్చిన పిల్లలతో చదివించుకోండి. ఇలాంటి 14 రకాల పూత మందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా కొన్ని చోట్ల అడగ్గానే ఇస్తున్నారు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి.

మొటిమ ఎట్లా వస్తుంది?

మన చర్మం మీద కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి కింద నూనె తయారుచేసే గ్రంథులు ఉంటాయి. ఆ నూనె చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. ఈడు వచ్చే వయసులో ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి. దాంతో నూనె ఎక్కువగా ఊరుతుంది. నూనె, చచ్చిన చర్మపు పొట్టు కలిసి రంధ్రానికి అడ్డం పడతాయి. లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. అప్పుడు ఎర్రగా వాచి, చీము పడుతుంది. అదే మొటిమ. ఇది ఎవరి తప్పూ కాదు. ఆడపిల్లలకూ వస్తుంది, మగపిల్లలకూ వస్తుంది.

అపోహ: మురికి వల్ల మొటిమలు వస్తాయి.
నిజం: కాదు. నల్ల చుక్కల్లో ఉండేది మట్టి కాదు. రంధ్రంలో పేరుకున్న పదార్థం గాలి తగిలి నల్లబడుతుంది. సున్నిపిండితో గట్టిగా రుద్దితే పుండ్లు పడతాయి. రోజుకు రెండుసార్లు తక్కువ ఘాటు సబ్బుతో మెల్లగా కడిగితే చాలు.

అపోహ: మామిడిపండు వేడి చేస్తుంది, మొటిమలు లేస్తాయి.
నిజం: ఒంట్లో వేడి వల్ల మొటిమలు రావు. అయితే తీపి పదార్థాలు, మైదా వంటకాలు, కూల్‌డ్రింకులు ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరుగుతాయి.

అపోహ: నెత్తురు చెడిపోతే వస్తాయి.
నిజం: మొటిమ పుట్టేది చర్మంలో. నెత్తురు శుద్ధి చేసే మందులని అమ్మేవాటికి డబ్బు తగలేయకండి.

అపోహ: పెండ్లి అయితే పోతాయి.
నిజం: పెండ్లికి, మొటిమకు సంబంధం లేదు. చాలామందికి 20 ఏళ్ళు దాటాక వాటంతట అవే తగ్గుతాయి. కొందరు ఆడవాళ్ళకు 30, 40 ఏళ్ళ వయసులో కూడా వస్తాయి. మొటిమల కోసం పిల్లకు తొందరపడి పెండ్లి చేయకండి.

అపోహ: మొటిమలు అంటుకుంటాయి.
నిజం: అంటుకోవు. పక్కన కూర్చున్నా, ముట్టుకున్నా రావు.

అపోహ: పళ్ళ పేస్టు, నిమ్మరసం పూస్తే మాడిపోతాయి.
నిజం: మాడేది మొటిమ కాదు, చర్మం. తర్వాత నల్ల మచ్చ మిగులుతుంది.

మరి ఏం చేయాలి?

మొటిమను గిల్లకండి, పిండకండి. గిల్లితే గుంట పడుతుంది. ఆ గుంట చాలా ఏళ్ళు పోదు. తల నూనె నుదుటి మీదికి కారకుండా చూసుకోండి. నూనె అంటిన దిండు గలేబులు ఉతకండి.

మొటిమలకు మంచి మందులు ఉన్నాయి. కానీ వాటికి ఓపిక కావాలి. గుణం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో మాయం చేస్తామని ఎవరైనా అంటే అనుమానించండి. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. కడుపులోని బిడ్డకు పెద్ద హాని జరుగుతుంది. కాబట్టి ఒకరికి రాసిన మందు ఇంకొకరు వాడకండి.

నెలసరి సరిగా రాకుండా, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, మొటిమలు కూడా ఉంటే డాక్టరుకు చెప్పండి. లోపల హార్మోన్ల తేడా ఉండవచ్చు.

చూపించుకోవడానికి మొదట దగ్గర్లోని బస్తీ దవాఖానాకు పోవచ్చు. పంజగుట్టలో నిమ్స్ ఉంది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో కూడా చర్మ వ్యాధుల విభాగాలు ఉన్నాయి. స్టెరాయిడ్ ట్యూబు చాలా రోజులుగా వాడుతున్నవాళ్ళు తప్పక చూపించుకోవాలి. ఎట్లా మానాలో డాక్టరే చెబుతారు.

ఆ పిల్ల ఇప్పుడు మళ్ళీ కాలేజీకి పోతోంది. మొటిమలు ఇంకా కొన్ని ఉన్నాయి. అయినా తల దించుకోవడం లేదు. తల్లి మాత్రం హాస్టల్లో ఏ పిల్ల చేతిలో ట్యూబు కనబడినా అడుగుతుంది:

"ఎర్ర గీత ఉందా బిడ్డా? ఏదీ, నన్ను చూడనీ."

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో మొటిమల గురించి ఏమని అంటారు? అందులో ఏది నిజం? ఏది అపోహ?
2. మీ ఇంట్లో ఉన్న పూత మందులు తీసి చూడండి. ఎన్నింటి మీద ఎర్ర గీత ఉంది?
3. తెల్లగా ఉంటేనే అందం అనే మాట వల్ల ఆడపిల్లలకు ఏం నష్టం జరుగుతోంది?