ముందు అప్పు, తర్వాత వాటా: మర్హూమ్ ఆస్తిని సర్దే క్రమం

ఇంటి పెద్ద కన్నుమూస్తే కఫన్ దఫన్ ఎలా జరపాలో మనవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. మొహల్లా అంతా వచ్చి నిలబడుతుంది. ఆ తర్వాత మిగిలే ఇల్లు, మామిడితోట, బ్యాంకు డబ్బు, అప్పుల చిట్టీలను ఎవరు, ఏ క్రమంలో సర్దాలో మాత్రం చాలా ఇళ్లలో తెలియదు. 'చహ్లుమ్ కానీ, చూద్దాం' అంటారు. చహ్లుమ్ అయిపోతుంది, ఏళ్లు గడుస్తాయి, పట్టా మాత్రం చనిపోయినవారి పేరునే ఉంటుంది. సాయం కోసం మా సంఘం దగ్గరికి వచ్చే వితంతువుల్లో కొందరికి నిజానికి కావలసింది జకాత్ కాదు, భర్త ఆస్తిలో తమకు రావలసిన వాటా. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాం.

షరీఅత్ ప్రకారం మర్హూమ్ వదిలిన ఆస్తిని తర్కా అంటారు. దాని మీద నాలుగు హక్కులు వరుసగా ఉంటాయి. మొదటిది అంత్యక్రియల ఖర్చు. రెండోది అప్పులు. మూడోది వసియ్యత్, అంటే వీలునామా. ఈ మూడూ తీరాక మిగిలినదే వారసులది. ఖురాన్‌లో సూరా నిసా 11, 12 ఆయతులు వాటాలు చెబుతూ, అవి వసియ్యత్, అప్పు తీరిన తర్వాతేనని మళ్లీ మళ్లీ గుర్తు చేస్తాయి.

అంత్యక్రియల ఖర్చంటే కఫన్ దఫన్‌కు అయ్యే న్యాయమైన ఖర్చు మాత్రమే. జియారత్, చహ్లుమ్ భోజనాలు ఆ లెక్కలోకి రావు. ఇంట్లో మైనర్ పిల్లలుంటే వారి వాటా కూడా ఆ ఆస్తిలోనే ఉంది. పంచని ఆస్తి నుంచి దావత్ పెడితే యతీముల సొమ్ము ఖర్చు పెట్టినట్టే. అలాంటి ఆస్తిలోంచి మా సంఘానికి చందా ఇచ్చినా అంతే. పంచుకున్నాక పెద్దలు ఎవరి వాటాలోంచి వారు ఇవ్వవచ్చు.

అప్పుల్లో చాలామంది మరిచేది భార్య మెహర్. భర్త బతికుండగా చెల్లించకపోతే అది ఆయన అప్పే. బ్యాంకు అప్పు, ఎరువుల దుకాణం బాకీ ఎలాగో ఇదీ అలాగే. మెహర్ వేరు, వారసత్వంలో వచ్చే వాటా వేరు. రెండూ ఆమెవే. అప్పు ఆస్తి కంటే ఎక్కువైతే, తమకు వచ్చిన ఆస్తి మేరకే వారసులకు చట్టరీత్యా బాధ్యత.

వసియ్యత్‌కు హద్దు మూడో వంతు. అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి బయటివారికి రాసినా, వారసుల్లో ఒకరికి ఎక్కువ రాసినా, మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప చెల్లదు. ఇది హనఫీ పద్ధతి. వీలునామా ద్వారా వక్ఫ్ చేసినా ఇదే హద్దు. మా దాతల్లో కొందరు 'ఉన్నదంతా సంఘానికే రాస్తాం' అంటారు. వారి మనసుకు దండం. కానీ వారసుల నోటి ముందు కూడు తీసి చేసే దానం మాకు వద్దు.

వసియ్యత్ అక్కరకు వచ్చే చోటు మరొకటి ఉంది. తండ్రి కంటే ముందే ఒక కొడుకు చనిపోయాడనుకోండి. ఇంకో కొడుకు బతికుంటే, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. పెంచుకున్న బిడ్డకూ వారసత్వం లేదు. ఆ పిల్లల కోసం మూడో వంతు లోపల రాసిపెట్టే అధికారం తాతకు ఉంది. తాత రాయకుండా పోతే ఆ పిల్లలు మిగతా వారసుల దయ మీద బతకాలి.

బడిలో భిన్నాలు చెప్పినట్టు ఒక లెక్క చూద్దాం. ఒకాయన 18,00,000 రూపాయల ఆస్తి వదిలి పోయారు. తల్లిదండ్రులు లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. కఫన్ దఫన్ ఖర్చు 30,000. మెహర్ 50,000, ఇతర అప్పులు 1,20,000. ఇవి పోగా 16,00,000 మిగిలింది. ఒక మదరసాకు 2,00,000 ఇవ్వాలని వసియ్యత్ ఉంది. అది మూడో వంతు లోపే కాబట్టి చెల్లుతుంది. పంచవలసింది 14,00,000. పిల్లలున్నారు గనుక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1,75,000. మిగిలిన 12,25,000ను ఐదు పాళ్లు చేస్తే కూతురికి ఒక పాలు 2,45,000, ఒక్కో కొడుకుకు రెండు పాళ్లు 4,90,000. మెహర్‌తో కలిపి ఆ తల్లి చేతికి 2,25,000 రావాలి.

'చెల్లె పెళ్లికి అంత ఖర్చు పెట్టాం కదా' అనే మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు. తండ్రి బతికుండగా కూతురు 'నాకేమీ వద్దు' అని రాసిచ్చినా సాధారణంగా దానికి విలువ లేదు. అప్పటికి ఆమెకు ఇంకా హక్కే ఏర్పడలేదు. తండ్రి పోయాక, తన వాటా ఎంతో తెలుసుకుని, ఇష్టపడి వదులుకుంటే అది వేరు. స్థిరాస్తిలో వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి.

ఇక కాగితాల సంగతి. మరణాన్ని 21 రోజుల్లో మున్సిపాలిటీలో గానీ గ్రామ పంచాయతీలో గానీ నమోదు చేయించాలి. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావలసి వస్తుంది. తర్వాత మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో కూతుళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో చూడండి. పెళ్లయిందని పేరు వదిలేయకూడదు.

ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదని కోర్టు ధ్రువీకరించడం. 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ కింద 2025 వరకు ఉన్న ప్రొబేట్ నిబంధన ముస్లింల వీలునామాలకు వర్తించలేదు. నోటిమాట వసియ్యత్ కూడా చెల్లుతుంది గానీ, దాన్ని రుజువు చేయడం కష్టం. కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, అమలు చేసే వసీ పేరు అందులో చెప్పడం మేలు. మర్హూమ్‌కు రావలసిన బాకీలు, డిపాజిట్లు, షేర్ల కోసం మాత్రం సివిల్ కోర్టులో 372వ సెక్షన్ కింద వారసత్వ ధ్రువపత్రం అడగవలసి రావచ్చు. ఇల్లు, పొలం ఆ పత్రంతో రావు.

భూమికి విరాసత్ చేయించుకోవాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మన కొల్లాపూర్ ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. శ్రీశైలం జలాశయం కింద, ఎత్తిపోతల పథకాల కింద భూములు పోయిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. భూసేకరణలో హక్కుదారు ఎవరో తేలకపోతే, వారసుల మధ్య తగాదా ఉంటే, పరిహారం చేతికి రాదు. చట్ట ప్రకారం అది డిపాజిట్‌లోకి పోతుంది.

బ్యాంకులో నామినీగా ఉన్నవారు ఆ డబ్బుకు యజమానులు కారు. బ్యాంకు దగ్గర డబ్బు తీసుకుని వారసులకు పంచవలసిన ధర్మకర్తలు మాత్రమే. బీమా విషయంలో 1983లో సర్బతీ దేవి కేసులోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు నామినేషన్‌తో వారసత్వం మారదనే చెప్పింది. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి. అప్పటికీ వారసులు అడగవచ్చు. 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు.

వారసుల్లో ఒకరు గల్ఫ్‌లో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపల స్టాంపు వేయించాలి. వకీలు ఫీజుకు భయపడే అక్కచెల్లెళ్లకు ఒక మాట: 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఆలస్యం పెద్దిళ్లను కూడా వదలలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం నుంచి లండన్ బ్యాంకులో పడిన 10,07,940 పౌండ్లు ఎవరివన్న వివాదం, ఏడో నిజాం 1967లో కన్నుమూసినా తేలలేదు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అవి సుమారు 3.5 కోట్ల పౌండ్లయ్యాయి. 71 ఏళ్లు ఆ డబ్బు ఎవరికీ అక్కరకు రాలేదు.

అదే నగరంలో మరో ఉదాహరణ ఉంది. మూడో సాలార్ జంగ్ 1949 మార్చి 2న సంతానం లేకుండా చనిపోయారు. ఎస్టేట్ చూడడానికి ప్రభుత్వం కమిటీని వేసింది. 1951 డిసెంబరు 16న ఆయన సేకరణలతో మ్యూజియం తెరుచుకుంది. 1958లో వారసులు రాజీకి వచ్చారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. వారసులు ఒక మాట మీదికి వస్తే ఆస్తి ఎంతమందికి పనికొస్తుందో చూడండి.

మా దాతలకు మా విన్నపం ఇదే. ఈ ఏడాది ఒక నోటుబుక్కు తీసి మీ ఆస్తులు, మీ అప్పులు, తీరని మెహర్, ఇవ్వని జకాత్ అన్నీ రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో భార్యకు, కూతుళ్లకు కూడా చెప్పండి. సంఘానికి ఏమైనా రాయాలనుకుంటే ఆ తర్వాత, మూడో వంతు లోపల రాయండి. అల్లాహ్ మనందరి అప్పులూ మన చేతులతోనే తీరేలా చేయుగాక. ఆమీన్.