చెత్త బండి దారిలెక్క

మన నగరాల్లో ఒక మనిషి రోజుకు పడేసే చెత్త దాదాపు అరకిలో. నలుగురున్న ఇంట్లో రెండు కిలోలకు కాస్త అటూ ఇటూ. 600 ఇళ్లకైతే 1,200 కిలోలు. దీన్ని మోయాల్సింది మన వీధుల్లో పాట పెట్టుకుని తిరిగే చిన్న ఆటో ట్రక్కు. దాని మోతశక్తి ముప్పాతిక టన్ను. అంటే 600 ఇళ్లు అప్పగించిన బండి ఒక్క దఫాలో పని ముగించలేదు. నింపుకోవాలి, ఎక్కడో దించాలి, మళ్లీ రావాలి. చెత్త సేకరణ ఏర్పాటంతా ఈ చిన్న ఇబ్బంది చుట్టూనే అల్లుకుని ఉంది.

600 అంకె ఊరికే చెప్పింది కాదు. 2015 నవంబరులో హైదరాబాద్ నగరపాలక సంస్థ సుమారు 2,000 స్వచ్ఛ ఆటోలను రోడ్డెక్కించినప్పుడు ఒక్కో ఆటోకు ఇంచుమించు అన్నే ఇళ్లు లెక్కగట్టింది. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం చొప్పున 44 లక్షల డబ్బాలు ఇళ్లకు పంచింది. తర్వాత ఆటోల సంఖ్య రెట్టింపు దాటింది. అంతకుముందు చాలా కాలనీల్లో ఈ పని రిక్షా బండ్ల మీద జరిగేది.

600 ఇళ్ల బీటు ఎంత దూరం ఉంటుంది? వీధికి అటూ ఇటూ ఇళ్లు, ఒక్కో ఇంటి ముఖం పది మీటర్లు అనుకుంటే మొత్తం వీధుల పొడవు మూడు కిలోమీటర్లు. మామూలుగా నడిస్తే ముప్పావు గంట. అయినా ఆటోకు ఉదయమంతా ఎందుకు పడుతుంది? ఆగడం వల్ల. ఇంటికి 25 సెకన్లు పడితే మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు. అదే 40 సెకన్లు పడితే ఆరు గంటల నలభై నిమిషాలు. గేటు దగ్గర 15 సెకన్ల తేడా, రోజు మీద రెండున్నర గంటల తేడా. "ఒక్క నిమిషం బాబూ, ఇప్పుడే తెస్తున్నా" అని లోపలికి వెళ్లిన మనిషి కోసం బండి నిజంగా నిమిషం ఆగితే ఏమవుతుందో మీరే వేసుకోండి.

అందుకే ఇళ్లను సమానంగా పంచితే పని సమానంగా పంచినట్టు కాదు. యాభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ డబ్బాలు కిందికి దించి ఉంచితే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, ఫ్లాటుకు ఐదారు సెకన్లు. పాత బస్తీలో ఆటో దూరని సందుంటే హెల్పర్ ఈల ఊదుకుంటూ లోపలికి నడిచి, సంచులు మోసుకుని రావాలి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో వార్డును మైక్రో పాకెట్లుగా విడగొడతారు. ఆ గీతలు గీసేవాళ్లు ఇళ్లు లెక్కపెట్టి సరిపెట్టుకున్నారా, నిలుపులు లెక్కపెట్టారా అన్నది చూస్తే చాలు, ఏ పాకెట్లో బండి పదకొండు దాటినా రాదో ముందే చెప్పేయొచ్చు.

ఇక దారి సంగతి. పటం చేతికిచ్చి 'ప్రతి వీధీ తిరిగి రా, తిరిగిన వీధి మళ్లీ తిరగకు' అంటే సాధ్యమేనా? ఈ ప్రశ్నకు వేరు 1736లో ఉంది. కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను ఒక్కోసారి మాత్రమే దాటుతూ తిరగడం కుదరదని ఆయిలర్ నిరూపించాడు. ఆయన చూసింది కూడళ్లను. ఒక కూడలికి ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు వెళ్లాలి కాబట్టి, అక్కడ కలిసే దారుల సంఖ్య సరిసంఖ్య కావాలి. మూడు దారులు కలిసే చోట ఒకటి మిగిలిపోతుంది. మన కాలనీల్లో మూడు దారుల కూడళ్లకు కొదవేముంది! చివర గోడ తగిలే గల్లీ అయితే మరీను: లోపలికి పోయినంత దూరం వెనక్కి రావాల్సిందే. కాబట్టి ఖాళీగా తిరిగే దూరం ఎంతో కొంత తప్పదు. దాన్ని కనిష్ఠం చేయడమెలా అన్నది 1960లో చైనా గణితవేత్త క్వాన్ మేకో ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ కోసం ఎత్తిన సమస్య. బేసి కూడళ్లను రెండేసి చొప్పున జతకట్టాలి. ఆ జతల మధ్య దూరాల మొత్తం ఎంత తక్కువుంటే తిరిగిన దారే తిరగడం అంత తగ్గుతుంది. దీనికి వేగంగా తేలే పద్ధతి దొరికింది కూడా.

చెత్త బండి దగ్గరికి వచ్చేసరికి అది చాలదు. పోస్ట్‌మన్ సంచి తిరిగేకొద్దీ తేలికవుతుంది, చెత్త బండి తిరిగేకొద్దీ నిండుతుంది. ఎక్కడ నిండితే అక్కడ దారి తెగిపోతుంది. ఈ మోత పరిమితిని కలిపి గోల్డెన్, వాంగ్ అనే పరిశోధకులు 1981లో సమస్యను కొత్తగా రాశారు. పెద్ద పటాలకు కచ్చితమైన ఉత్తమ జవాబును తొందరగా ఇచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ చిక్కలేదు. కంప్యూటర్లు చేసేది ఉత్తమానికి దగ్గరగా ఉన్న దారి వెతకడమే. న్యూయార్క్ చెత్త లారీల కోసం బెల్‌ట్రామీ, బోడిన్ ఈ దారిలోనే 1974లో ఒక పేరున్న పత్రం రాశారు.

అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కంప్యూటరు లేని ఊళ్ల కోసం, చేత్తోనే దారి గీసుకునే సూత్రాలు కొన్ని ప్రచురించింది. నాకు అవే ఎక్కువ నచ్చుతాయి. బీటును బండి షెడ్డుకు దగ్గరగా మొదలుపెట్టండి. రద్దీ రోడ్డును రద్దీ వేళ ముట్టుకోకండి. ఏటవాలు వీధిలో పై నుంచి కిందికి వస్తూ ఏరండి, ఇంధనం కలిసొస్తుంది, నిండిన బండిని ఎగువకు ఈడ్చనక్కర్లేదు. బ్లాకుల చుట్టూ గడియారపు ముల్లు తిరిగే దిక్కునే తిరగండి. ఈ చివరిదాన్ని మనం తిరగేసుకోవాలి. వాళ్లది కుడివైపు నడిచే ట్రాఫిక్, మనది ఎడమ. ఎదురొచ్చే బండ్లకు అడ్డం పడకుండా ఎడమకు మళ్లుతూ పోవాలంటే మనం అపసవ్యంగా తిరగాలి. విశాఖలోని ఎత్తుపల్లాల వీధుల్లో ఏళ్లుగా బండి నడిపే డ్రైవర్‌కు ఇవి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాటకొస్తే, అనుభవమున్న డ్రైవర్ దారిని యంత్రం గీసిన దారి భారీగా ఓడించడం అరుదు. మూడు కిలోమీటర్ల బీటులో మిగుల్చుకోగల దూరమే కొంచెం.

దూరం నిజంగా కరిచేది బీటు బయట. హైదరాబాద్ చెత్త చేరాల్సింది ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్‌కు. శేరిలింగంపల్లి వైపు నుంచి అది 30 కిలోమీటర్ల పైమాటే. ముప్పాతిక టన్ను మోసే ఆటో రోజుకు రెండుసార్లు అంత దూరం పోయివస్తే ఇక ఇళ్లకు వెళ్లేదెప్పుడు? అందుకే మధ్యలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్. ఆటో అక్కడ దించి వెంటనే మళ్లుతుంది. అక్కడ చెత్తను పెద్ద కంటైనర్లలోకి అదిమి, భారీ లారీల మీద యార్డుకు పంపుతారు. ఇక్కడే రాజకీయం మొదలవుతుంది. ట్రాన్స్‌ఫర్ స్టేషన్ బీటుకు దగ్గరగా ఉంటే ఆటో మూడో దఫా కూడా తిరగగలదు. దగ్గరగా అంటే ఎవరో ఒకరి ఇంటి పక్కన. తమ వీధి పక్కన వద్దని అందరూ అంటారు, వాళ్లను తప్పు పట్టలేం. స్టేషన్ ఊరి అంచుకు జరిగిన ప్రతి కిలోమీటరూ ఎక్కడో ఒక కాలనీలో బండి రాని పూటగా మారుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా కనిపించేది ఆటో వెనకున్న పెట్టె. చాలా ఆటోల్లో మధ్యలో అడ్డు పెట్టి సమంగా రెండు గదులు చేశారు, ఒకటి తడికి, ఒకటి పొడికి. చూపుకు న్యాయంగా ఉంది. లెక్కకు నిలవదు. మన కలగలుపు చెత్త ఘనపు మీటరుకు 400 నుంచి 500 కిలోల దాకా తూగుతుంది. కూరగాయల తొక్కలు, అన్నం, టీ పొడి, కొబ్బరి చిప్పలు... నీళ్లే ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, సీసాలు వదులుగా పడితే ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగవు. ఒక్కో గది ముప్పాతిక ఘనపు మీటరు అనుకుందాం. ఇంటికి కిలోంపావు తడి చెత్త చొప్పున తడి గది 250 ఇళ్లకు పైగా సరిపోతుంది. ఇంటికి అరకిలో పొడి చెత్త చొప్పున పొడి గది 150 ఇళ్లు దాటకముందే నిండిపోతుంది. అప్పుడు డ్రైవర్ ముందున్నవి రెండే దారులు: తడి గది దాదాపు సగం ఖాళీగా ఉండగానే స్టేషన్‌కు పోవడం, లేదా పొడిని తడిలో పడేయడం. 'మేం వేరుచేసి ఇస్తే వాళ్లు కలిపేస్తున్నారు' అన్న ఫిర్యాదు ప్రతి కాలనీలోనూ వింటాం. తప్పంతా డ్రైవర్‌ది అనుకుంటాం. సగం తప్పు ఆ అడ్డుగోడది.

డ్రైవర్లు దీనికి తమ పరిష్కారం తాము కనిపెట్టుకున్నారు. ఆటోకు చుట్టూ వేలాడే గోనె సంచులు చూసే ఉంటారు. నీళ్ల సీసాలు ఒకదాంట్లో, అట్టలు ఒకదాంట్లో, ఇనుము, పాల కవర్లు విడివిడిగా. అవి పెట్టెలో చోటు మిగులుస్తాయి, పాత సామాన్ల కొట్లో డబ్బు తెస్తాయి. మన దగ్గర రీసైక్లింగ్ అన్నది ఎక్కువగా ఆ సంచుల్లోనే, చిత్తు ఏరుకునేవాళ్ల చేతుల్లోనే మొదలవుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా వాళ్లను ఏర్పాటులో కలుపుకోమన్నాయి. అదే నిబంధనలు తడి, పొడి మాత్రమే కాక, ఇంట్లోని ప్రమాదకర చెత్తను, అంటే కాలం తీరిన మందులు, బ్యాటరీలు, రంగు డబ్బాల వంటివాటిని విడిగా ఇవ్వమన్నాయి. వాటికి ఆటోలో ఒక చిన్న డబ్బా వేలాడదీస్తే చాలు, రోజూ గది కేటాయించనక్కర్లేదు.

పొడి చెత్త రోజూ తీసుకోవడం ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. మన ఎండకు తడి చెత్త రెండో రోజుకే కుళ్లుతుంది, దానికి రోజూ బండి తప్పదు. పొడి చెత్త వారం నిలవున్నా వాసన రాదు. చలి దేశాల్లో వారానికోసారి బండితో సరిపెట్టుకోగలుగుతున్నది వాతావరణం పుణ్యాన కూడా. పొడికి వారానికి రెండు రోజులు ప్రత్యేక బండి పంపితే ఆ అడ్డుగోడ గొడవే ఉండదు. అయితే ఏ రోజు ఏ బండో ఇల్లిల్లూ గుర్తుంచుకోవాలి.

సగటు మీద వేసిన లెక్కలు పండగలకు నిలవవు. వినాయక చవితి మర్నాడు పత్రి, అరటి పిలకలు. దీపావళికి ముందు ఇల్లు దులిపిన సామాను. వేసవిలో పుచ్చకాయ తొక్కలు, ముంజకాయల డొప్పలు, కొబ్బరి బోండాలు. బోండాన్ని చెత్తను అదిమే కాంపాక్టర్ యంత్రం కూడా సరిగా నలపలేదు. ఆదివారం మాంసం వండుకున్న ఊరు సోమవారం ఎక్కువ చెత్త ఇస్తుంది. వానాకాలంలో తడిసిన చెత్త అదే పరిమాణంలో మరింత తూగుతుంది. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన చెత్త విద్యుత్ కేంద్రం వంటివాటికి ఆ తడే శత్రువు, ముందు నీటిని ఆవిరి చేస్తే గానీ చెత్త మండదు.

ఇంటింటి ముందూ ఆగే ఈ లెక్కను తైపీ నగరం తిరగేసింది. అక్కడ బండి ఇళ్ల దగ్గరికి రాదు. బీథోవెన్ బాణీ మోగించుకుంటూ వేళకు వీధి మూలకు వస్తుంది, జనమే సంచులతో వచ్చి అందులో వేస్తారు. చెత్త నేలను తాకకూడదన్నది నియమం. వందల నిలుపులు పదుల్లోకి దిగిపోతాయి. 2000 నుంచి అక్కడ నగరం అమ్మే సంచుల్లోనే మామూలు చెత్త వేయాలి. రుసుము సంచి ధరలోనే ఉంది, రీసైక్లింగ్ సరుకు మాత్రం ఉచితం. కాబట్టి వేరుచేసిన ఇంటికి ఖర్చు తగ్గుతుంది.

మన దగ్గర డబ్బు దారి వేరు. హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్‌నే యజమానిని చేశారు, ఇంటికి నెలకు 50 రూపాయలతో మొదలైన రుసుమే అతని ఆదాయం. రుసుము ఇవ్వని ఇంటి ముందు అతను ఆగడు. ఆగని ఇంటి చెత్త రాత్రికి వీధి మలుపులోని కుప్పలోకి చేరుతుంది, ఆ కుప్పను ఎత్తడానికి నగరం మరో బండి పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు వచ్చిన చెత్త పన్ను, వ్యతిరేకత పెరగడంతో 2024లో రద్దయింది. బండి ఖర్చు ఎక్కడికీ పోలేదు, పురపాలికల పద్దులోకి మారింది.

కొన్ని పట్టణాల్లో ఇంటి గోడకు క్యూఆర్ కోడ్ అతికించి, బండి వచ్చినట్టు స్కాన్ చేయిస్తున్నారు. బండి వచ్చిందా లేదా అన్నది దానివల్ల తెలుస్తుంది. తడి, పొడి విడిగా వచ్చాయా, విడిగానే వెళ్లాయా అన్నది తెలియదు. అది తెలియాలంటే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కాటా మీద రెండు గదులనూ వేర్వేరుగా తూచి, ఏ బీటు నుంచి ఎంతొచ్చిందో రోజూ రాసుకోవాలి. కాటా ఇప్పటికే చాలా చోట్ల ఉంది. బండి మొత్తాన్ని ఒకేసారి తూచి పంపేస్తున్నారు.