గడిలో ఒదిగిన అక్షరము

ఆదివారపు పత్రికలోని పదక్రీడను పలువురు ప్రొద్దుపుచ్చు సాధనముగా మాత్రమే చూచుచుందురు. భాష నేర్పువారును, నేర్చుకొనువారును దానిని మరికొంత ఆదరముతో చూడవలెనని నా మనవి.

ఈ క్రీడ పుట్టినది పాశ్చాత్య దేశమున. లివర్‌పూలులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఆర్థర్ విన్ అను పత్రికా రచయిత 1913 డిసెంబరు 21, ఆదివారము నాడు 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక అనుబంధములో దీనిని ప్రకటించెను. ఆ తొలి పలక వజ్రాకృతిలో నుండెను. 1930లో లండను 'టైమ్స్' పత్రికయు దీనికి చోటిచ్చెను. తెలుగున ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' అనియు, శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అనియు పేరిడి కూర్చిరి.

తెలుగులోనికి వచ్చునప్పటికి ఈ క్రీడ స్వభావమే మారినది. ఆంగ్లమున గడికొక వర్ణము; ఉన్నవి ఇరువదియారే. మన గడిలో కూర్చుండునది నిండు అక్షరము. హల్లు, గుణింతము, ఒత్తు, సున్న అన్నియు కలిసి ఒకే గడి. 'స్త్రీ' అను మాటలో మూడు హల్లులున్నను ఒక గడియే చాలును. 'వికటకవి'ని ఎటునుండి చదివినను వికటకవియే; రోమను లిపిలో వ్రాసి త్రిప్పి చదివినచో ఆ చమత్కారము చెదరిపోవును. 'వెనుదిరిగిన తీగ శిరస్సైనది' అన్నచో 'లత'ను త్రిప్పి 'తల' అని పూరించుటయు ఈ అక్షరధర్మము వలననే.

ఒక చిన్న ఉదాహరణము చూడుడు. అడ్డముగా 'యుద్ధము', నాలుగు గళ్ళు. కదనము కావచ్చును, సమరము కావచ్చును. దాని మొదటి గడినుండి నిలువుగా 'తామర', నాలుగు గళ్ళు. కమలము కావచ్చును, సరోజము కావచ్చును. 'క'తో నొక జంట, 'స'తో నొక జంట, రెండును పొసగుచున్నవి. ఎట్లు తేల్చుట? యుద్ధమునకు మూడవ గడినుండి క్రిందికి 'సారథి నడుపునది', మూడు గళ్ళు. అది రథము. కనుక మూడవ అక్షరము 'ర'. సమరము నిలిచినది, దానితో సరోజము వికసించినది. ఇక కదనమును, కమలమును తుడిచివేయవలసినదే.

మన అవధానులకిది క్రొత్త కాదు. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా పాదమున ఫలానా చోట ఫలానా అక్షరమే రావలెనని నియమించును. అవధాని ఆ నియమమునకు లోబడి, అర్థము చెడకుండ పద్యము నడపవలెను. గళ్ళ పలక ఆ విద్యకు సామాన్యుని ముంగిట వెలసిన చిన్న చెల్లెలు.

నేడు చేతనున్న ఫోను అడిగిన క్షణమున పది పర్యాయపదములను చూపగలదు. పదియు ఒప్పులే. ఈ చోట ఏది ఒప్పునో తేల్చుకొనుటయే విద్య. నిఘంటువు వల్లించిన బాలునికి మాటలు వచ్చును. ఆ మాటలను ఇరుగుపొరుగు మాటలతో సరిచూచుకొన్న బాలునికి భాష వచ్చును.

కావున ఉపాధ్యాయులారా, వారమునకొక గంట నల్లబల్లపై నాలుగు గళ్ళు గీయుడు. విద్యార్థులారా, మరునాటి సమాధానముకై తొందరపడకుడు. మొదట తోచిన మాటను సిరాతో గాక పెన్సిలుతో వ్రాయుడు. తనకు నచ్చిన మాటనైనను, పొరుగు మాట ఒప్పుకొననప్పుడు తుడిచివేయగల మనస్సు అలవడినచో, అది గళ్ళకు వెలుపలను అక్కరకు వచ్చును.