నొప్పి యెరుగని పాదము
(మధుమేహ రోగులకు స్పర్శపరీక్ష యొక్క ఆవశ్యకత)

మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో జీవించుచున్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెల్లడించినది. వీరిలో అనేకులకు కాలక్రమమున పాదముల నరములు చెడును. కొందరికి తిమ్మిరి, మంట, సూదులు గ్రుచ్చినట్లుండుట ముందుగా కనిపించును. మరికొందరికి ఏ సూచనయు లేకయే స్పర్శ నశించును.

నొప్పి శరీరమునకు కావలివాని వంటిది. ముల్లు విరిగినను, చెప్పు కరచినను, నొప్పి తెలిసినవాడు వెంటనే కాలు తీయును. తెలియనివాడు ఆ గాయముతోనే దినమంతయు నడచును. పుండుపడి, చీముపట్టి, తుదకు వ్రేలినో పాదమునో తీసివేయవలసి వచ్చును. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠరోగుల పాదములు శిథిలమగుటకు నొప్పి తెలియక తగులు గాయములే ముఖ్యకారణమని గుర్తించెను. మధుమేహ రోగుల విషయమునను ఇదియే సత్యము.

స్పర్శ తగ్గినదని రోగి తనంత తాను కనిపెట్టుట కష్టము, పరీక్షించియే తెలిసికొనవలెను. రోగి కన్నులు మూసికొనియుండగా వైద్యుడు, 10 గ్రాముల ఒత్తిడికి వంగునట్టి నైలాను తంతువును అరికాలియందు కొన్ని చోట్ల తాకించును. సెకనుకు 128 మారులు కంపించు శ్రుతిదండమును బొటనవ్రేలిపై నుంచి, కంపనము తెలియుచున్నదా యని అడుగును. పాదమునందు నాడి కొట్టుకొనుటయు చూచును. ఈ పరీక్షకు బాధ లేదు. కొద్ది నిమిషములు చాలును. సంవత్సరమున కొకమారైనను చేయించుకొనవలెను.

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు ఇంటియందే చేయదగిన పరీక్ష నొకదానిని రూపొందించిరి. రోగి కన్నులు మూసికొనగా, ఇంటివారొకరు చూపుడువ్రేలి కొనతో ఆతని రెండు పాదముల బొటనవ్రేలి, నడిమివ్రేలి, చిటికెనవ్రేలి కొనలను ఒక్కొక్క క్షణము మెల్లగా తాకవలెను. నొక్కరాదు, నిమురరాదు. ఆరింటిలో రెండు గాని అంతకు మించి గాని తెలియనిచో వైద్యునికి చూపవలెను. ఇది వైద్యుని పరీక్షకు ప్రత్యామ్నాయము కాదు.

స్పర్శ తగ్గినవారు ఈ జాగ్రత్తలు పాటింపవలెను:

1. ఇంటిలోపల సైతము వట్టికాళ్లతో నడవరాదు. దేవాలయములకు ఎండ ముదరకమునుపే పోవలెను.
2. చెప్పులు, బూట్లు దులిపి, లోపల తడిమి చూచిన పిమ్మటనే తొడుగుకొనవలెను.
3. వేడినీటిలో కాళ్లు నానబెట్టరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు.
4. ప్రతిరాత్రియు అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము నుపయోగింపవచ్చును. లేదా ఇంటివారిచే చూపించుకొనవచ్చును.

పోయిన స్పర్శ సాధారణముగా తిరిగి రాదు. రక్తమునందలి చక్కెరను అదుపులో నుంచినచో నరముల నష్టము మందగించును. నొప్పి లేదుగదా యని పుండు నుపేక్షింపక, కనుగొన్న నాడే ఆసుపత్రికి పోవలెను.