పడవకు విద్యుత్ మోటారు బిగించాలంటే?

పడవలోని డీజిల్ ఇంజనును తీసేసి, ఆ స్థానంలో విద్యుత్ మోటారును పెట్టి, ప్రొపెల్లరు షాఫ్టుకు కలిపేస్తే సరిపోతుందని మీకు అనిపించవచ్చు. కాని ఇది పంపుసెట్టుకు మోటారు బిగించినంత తేలిక కాదు. ఎందుకో చూద్దాం.

కేరళలో వైక్కం, తవణక్కడవు రేవుల మధ్య 2017 జనవరిలో 'ఆదిత్య' అనే సౌరశక్తి పడవ నడవడం మొదలైంది. 75 మంది ఎక్కగల ఈ పడవకు 20 కిలోవాట్ల మోటార్లు రెండు అమర్చారు. అంతే సామర్థ్యం గల ఒక మోటారును ఉదాహరణగా తీసుకుందాం.

ప్రొపెల్లరు నీటిని వెనక్కి నెడితే, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం నీరు ప్రొపెల్లరును ముందుకు నెడుతుంది. ఈ బలమే థ్రస్టు. మోటారు సామర్థ్యంలో సగం, అంటే 10,000 వాట్లు, పడవను కదపడానికి పనికివస్తుందనుకోండి. పడవ వేగం సెకనుకు 3 మీటర్లు. సామర్థ్యాన్ని వేగంతో భాగిస్తే బలం సుమారు 3,300 న్యూటన్లు. ఇది దాదాపు 340 కిలోల బరువుకు సమానం!

ఈ బలమంతా షాఫ్టు వెంట మోటారు మీదికే వస్తుంది. మామూలు మోటారు బేరింగులు అంతటి నెట్టుడును భరించలేవు. అవి అరిగిపోతే పడవ ప్రయాణికులతో సహా నది మధ్యలో ఆగిపోతుంది. చాలా డీజిల్ పడవల్లో ఈ బలాన్ని గేరుబాక్సులోని థ్రస్టు బేరింగు మోస్తుంది. గేరుబాక్సును తీసేస్తే అదీ పోతుంది. అందుకే ప్రొపెల్లరుకూ కప్లింగుకూ నడుమ వేరే థ్రస్టు బేరింగును పడవ చట్రానికి గట్టిగా బిగించాలి.

ఇక వేగం సంగతి. 20 కిలోవాట్ల మోటారు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే టార్కు సుమారు 64 న్యూటన్ మీటర్లు. గేర్లతో వేగాన్ని 1,000 చుట్లకు తగ్గిస్తే టార్కు మూడు రెట్లవుతుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లరుకు సాధారణంగా దక్షత ఎక్కువ.

చివరిది, రెండు షాఫ్టులూ ఒకే సరళరేఖలో ఉండటం. కప్లింగు అంచుల మధ్య సందును పైన, కింద, ఇరుపక్కలా ఫీలర్ గేజితో కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల వ్యాసానికి తేడా 0.1 మిల్లీమీటరు మించకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. ఒడ్డున కొలిస్తే చాలదు. నీటిలోకి దిగాక పడవ అడుగుభాగం కొద్దిగా వంగుతుంది కనుక మళ్ళీ కొలవాలి. రబ్బరు కప్లింగు చిన్న తేడాలను, అదురును మాత్రమే సర్దుకోగలదు. వంకరగా బిగించిన మోటారును అది సరిచేయలేదు.

ఇలాంటి సమస్యలను ఖరగ్‌పూర్ ఐఐటీలోని నౌకా నిర్మాణ విభాగం 1952 నుంచి విద్యార్థులకు బోధిస్తోంది. ఈసారి పడవ ఎక్కినప్పుడు మీరూ ఆలోచించండి: మనల్ని ముందుకు నెడుతున్న బలాన్ని ఏ బేరింగు మోస్తోంది?